తిట్టులో దాగిన ఇంటి అడ్రసు

[స్క్రీన్ మీద: బొమ్మ. రాగి రంగు వేసిన జుట్టు, చిరుగుల జీన్సు, సైలెన్సర్ మార్చిన బైకు పక్కన ఒక కుర్రాడు]

వాయిస్: ఈ కుర్రాణ్ణి చూసి ఉత్తరాది వాళ్ళు 'ఛప్రీ' అంటారు. చెన్నైలో 'పుల్లింగో', కేరళలో 'ఫ్రీకన్'. ఇతనికే ట్రాక్ సూట్ తొడిగి ఇంగ్లండ్‌లో నిలబెడితే 'చావ్', గ్లాస్గోలో 'నెడ్', లివర్‌పూల్‌లో 'స్కాలీ'. రష్యాలో 'గోప్నిక్', సిడ్నీలో 'ఎషే'. మన వీధిలో అయితే ఏ పెద్దాయనో అరుగు మీంచే 'పోరంబోకు వెధవ' అనేస్తాడు.

ఇంతకీ వీడేం చేశాడు? ఇంకా ఏమీ చెయ్యలేదు. బైకు పక్కన నిలబడ్డాడంతే.

[స్క్రీన్ మీద: ఇంగ్లండ్ మ్యాప్. కెంట్ ప్రాంతం వెలుగుతుంది]

వాయిస్: ముందు చావ్ సంగతి చూద్దాం. చావు కాదు, చావ్. 2000 తర్వాత బ్రిటన్ పేపర్లలో, టీవీ కామెడీల్లో ఈ మాట ఎంతగా మోగిందంటే, ఆక్స్‌ఫర్డ్ ప్రచురణ సంస్థ వాళ్ళు 2004కి 'ఈ ఏటి మాట'గా దీన్నే ఎంచారు. ట్రాక్ సూట్, బేస్‌బాల్ టోపీ, మెడలో గొలుసు, ఒంటి మీద ఎక్కడో ఒకచోట బర్బెర్రీ గళ్ళు. ఇదీ చావ్ వేషం.

ఆ గళ్ళ గురించి కాస్త చెప్పుకోవాలి. బర్బెర్రీ 1856 నాటి కంపెనీ, డబ్బున్న వాళ్ళ కోట్లకు పేరు. ఆ గళ్ళ టోపీ పేటల్లో కుర్రాళ్ళ నెత్తికెక్కేసరికి కంపెనీకి టెన్షన్ పట్టుకుంది. 2004లో ఆ టోపీల తయారీయే ఆపేసింది. కొన్ని పబ్బులు ఆ గళ్ళు వేసుకున్న వాళ్ళని లోపలికి రానివ్వలేదు. మరుసటి ఏడు కెంట్‌లోని బ్లూవాటర్ షాపింగ్ సెంటర్ తలకప్పే హుడీల మీద, బేస్‌బాల్ టోపీల మీద నిషేధం పెట్టింది. పెద్దింటాయన వేసుకుంటే హోదా, పేటలో కుర్రాడు వేసుకుంటే నేరం. గుడ్డ మాత్రం ఒకటే.

మరి మాట ఎక్కడిది? ఎవర్నడిగినా ఒక అబ్రివియేషన్ చెబుతారు: 'కౌన్సిల్ హౌస్డ్ అండ్ వయొలెంట్' అట. అంటే సర్కారు వారి అద్దె ఇళ్ళలో ఉండే దౌర్జన్యపరులు. ఇంకొకరు కెంట్‌లోని చాతమ్ ఊరి పేరు నుంచి వచ్చిందంటారు. రెండూ మాట పుట్టాక అల్లిన కథలే. అసలు మూలం రోమానీ భాషలో ఉందని నిఘంటుకారులు చెబుతారు. సుమారు వెయ్యేళ్ళ కిందట మన దేశం నుంచే పడమటికి వెళ్ళిన సంచార జనమే రోమా ప్రజలు. వాళ్ళ భాషలో 'చావో' అంటే అబ్బాయి. సంస్కృతంలో పిల్ల అనే అర్థమున్న 'శావ'కి ఇది చుట్టం. మన పద్యాల్లో కనిపించే 'శాబకం'దీ ఆ ఇల్లే. చెన్నై 'పుల్లింగో' కూడా 'పిల్లలు' అనే మాటకి అక్కడి యాస రూపమే. రెండు మాటల్లోనూ ఉన్నది పిల్లలే, తిట్టు తర్వాత ఎక్కింది.

నాకు ఆ దొంగ అబ్రివియేషనే ఎక్కువ ఆసక్తిగా అనిపిస్తుంది. మాటకి అర్థం తెలియనప్పుడు జనం ఊహించి చెప్పింది ఏమిటి? టోపీ కాదు, గొలుసు కాదు, ఇల్లు. కౌన్సిల్ ఇల్లు.

[స్క్రీన్ మీద: స్కాట్లండ్, తర్వాత ఆస్ట్రేలియా]

వాయిస్: స్కాట్లండ్ 'నెడ్'కీ ఇలాగే 'నాన్ ఎడ్యుకేటెడ్ డెలింక్వెంట్' అని అతికించారు. చదువులేని అల్లరిమూక అని. 2003లో రోజీ కేన్ అనే సభ్యురాలు ఈ మాట పిల్లల్ని కించపరుస్తోంది, ఖండించండి అని స్కాటిష్ పార్లమెంటును కోరింది. మాట ఆగలేదనుకోండి.

ఆస్ట్రేలియా 'ఎషే' కొంచెం సరదా. అక్షరాలు తిరగేసి మాట్లాడే పిగ్ లాటిన్ నుంచి వచ్చిందంటారు. మనం చిన్నప్పుడు పెద్దవాళ్ళకి అర్థం కాకుండా 'క' భాష మాట్లాడేవాళ్ళం చూడండి, అలాంటిది.

[స్క్రీన్ మీద: పాత లెనిన్‌గ్రాడ్ వీధి ఫొటో]

వాయిస్: గోప్నిక్ దగ్గరికొస్తే మళ్ళీ ఇల్లే. దారిదోపిడీని దొంగల భాషలో 'గోప్-స్టాప్' అంటారు, దాన్నుంచి వచ్చిందని ఒక వాదన. విప్లవం తర్వాత పెత్రోగ్రాద్‌లో (అదే తర్వాత లెనిన్‌గ్రాడ్ అయింది) నిరుపేదల కోసం తెరిచిన కార్మికుల హాస్టల్ పేరులో మొదటి అక్షరాలు గో-ఓ-ప, అదే గోప్ అయిందని ఇంకో వాదన. జనం నోట ఎక్కువగా నానేది ఈ రెండోదే.

[స్క్రీన్ మీద: తాటాకు కప్పు, తర్వాత క్రికెట్ స్టేడియం]

వాయిస్: ఇక ఛప్రీ. హిందీలో 'ఛప్పర్' అంటే గడ్డి కప్పు, మన చప్పరం లాంటిదే. కప్పులు నేసే ఛప్పర్‌బంద్‌లనే సంచార జాతి పేరుతో ఈ మాటకి సంబంధం ఉందని చాలామంది చెబుతారు. బ్రిటిష్ వాళ్ళు 1871లో తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద 'పుట్టు నేరస్తులు' అని ముద్ర వేసిన జాతుల్లో వీళ్ళూ ఉన్నారు. ఆ చట్టం 1952లో పోయింది. పేరు మాత్రం రీల్స్ కింద ఎమోజీతో సహా బతికే ఉంది. 2024 ఐపీఎల్‌లో హార్దిక్ పాండ్యాని ట్రోల్ చేసినవాళ్ళు ఏరుకున్నది ఈ మాటనే. కెప్టెన్సీ నచ్చకపోతే కెప్టెన్సీని తిట్టొచ్చు కదా!

[స్క్రీన్ మీద: గ్రామ రెవెన్యూ పటం. చెరువు, బాట, శ్మశానం]

వాయిస్: 'పోరంబోకు' మనందరికీ తెలిసిన మాటే, కానీ పుట్టింది వీధిలో కాదు, రెవెన్యూ లెక్కల్లో. తమిళంలో 'పుఱం' అంటే బయట. శిస్తు లెక్కకు బయట ఉన్న భూమి పోరంబోకు: చెరువు గర్భం, బండి బాట, శ్మశానం, పశువులు తిరిగే బీడు. ఊరందరికీ పనికొచ్చేది, ఎవరి పేరునా పట్టా లేనిది. సొంత చోటు లేనివాళ్ళు గుడిసె వేసుకునేదీ అక్కడే. సర్కారుకి పైసా రాని నేల పేరు క్రమంగా దేనికీ పనికిరానివాడి పేరయింది. చెరువు గర్భం ఏ రకంగా పనికిరానిదో నాకైతే అర్థం కాదు.

సినిమాల్లో మనకి బాగా అలవాటైన 'విలన్'దీ ఇదే వరస. లాటిన్ 'విల్లా', అంటే దొరగారి పొలం, అందులో పని చేసే పాలేరు ఆ విలన్.

[స్క్రీన్ మీద: మళ్ళీ మొదటి కుర్రాడు. ఈసారి చేతిలో మైకు]

వాయిస్: అన్ని మాటల గతీ ఒకటి కాదు. 'నేనే చావ్‌ని' అని చెప్పుకున్నవాళ్ళు తక్కువ. పుల్లింగో అలా కాదు. ఉత్తర చెన్నై కుర్రాళ్ళు గానా పాటల్లో పెట్టుకుని 'మేమే' అని పాడుకున్నారు. గానా వాళ్ళ పేటల పాటే కాబట్టి మాటని లాక్కోవడానికి చేతిలో మైకు ముందే ఉంది. ఛప్రీకి అలాంటి పాట ఇంకా రాలేదు.

మీ వైపు ఇలాంటి కుర్రాళ్ళని ఏమంటారో కింద రాయండి. ఆ మాట మీ ఊళ్ళో మొదట ఏ పేట వాళ్ళని అనేవారో కూడా కలిపి రాయండి.