ఎపిసోడ్ 37: సున్నం తడారేలోపు

బామ్మర్ది: నమస్కారమండీ, అందరూ బావున్నారా. పోయిన వారం చెప్పాం కదా, ఇవాళ ఫ్రెస్కో. ఇటలీ గోడల మీద బొమ్మలు, జొత్తో అనే చిత్రకారుడితో మొదలెట్టి మసాచ్చో మీదుగా మైకెలాంజెలో దాకా వెళ్ళిపోదాం అని ప్లాన్. బావ కూడా ఉన్నాడు. ఫ్యాన్ ఆపేశాం, ఈసారి మెసేజ్‌లు పెట్టకండి.

బావ: ఆపలేదు, ఒకటిలో పెట్టా.

బామ్మర్ది: ఆపు బావా.

బావ: ఆ, ఆపా. చెప్పు.

బామ్మర్ది: ఫ్రెస్కో అంటే ఇటాలియన్‌లో తాజా అని అర్థం, అంటే పచ్చి గోడ మీద...

బావ: పచ్చి గోడ కాదురా, పచ్చి సున్నం. గోడ పాతదే ఉంటది. దాని మీద ముందు గరుకు గార కొడతారు, అది ఆరాక పైన సన్నటి పూత, ఆ పూత మాత్రం ఆ రోజు ఎంత బొమ్మ వెయ్యగలడో అంత మేరకే. రంగు ఉత్త నీళ్ళలో కలుపుతాడు, జిగురు లేదు గుడ్డు లేదు ఏం లేదు. సున్నం ఆరేటప్పుడు గాల్లో కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని మళ్ళీ సున్నపురాయి అయిపోద్ది, రంగు ఆ రాయిలోనే ఉండిపోద్ది. ఇప్పుడు నీ సిమెంటు...

బామ్మర్ది: వచ్చేసింది సిమెంటు. మూడు నిమిషాలు కూడా అవ్వలేదు. లెక్క రాసుకునేవాళ్ళు రాసుకోండి.

బావ: సిమెంటు సంగతి తర్వాత చెప్తాలే.

బామ్మర్ది: ఆ ఒక్క రోజు పూతనే జొర్నాత అంటారు, రోజు పని అని. మర్నాడు పక్కన కొత్త పూత వేస్తే మధ్యలో సన్నటి అతుకు పడుద్ది, పక్కనుంచి లైటు వేసి చూస్తే కనిపిస్తది. పాదువాలో స్క్రొవేన్యి చాపెల్ ఉంది కదా, 1305 ప్రాంతంలో జొత్తో వేసింది, అక్కడ ఈ అతుకుల్ని బట్టి లెక్కపెడితే వందల రోజుల పని తేలిందంట.

బావ: అంటే మస్తరు గోడ మీదే ఉందన్నమాట! ఏ రోజు ఎంత పని జరిగిందో దాచలేడు ఇంక. మా సైట్లో కూడా ఇలా ఉంటే ఎంత బావుండు.

బామ్మర్ది: సరే, జొత్తో అయ్యాడు. మసాచ్చో ఫ్లోరెన్స్‌లో బ్రాంకాచ్చి చాపెల్, 1420ల్లో, ఆదాము హవ్వలు ఏడుస్తూ బయటికొచ్చే బొమ్మ. 1428లో రోమ్‌లో పోయాడు, ముప్ఫై కూడా నిండలేదు. ఆ ఆదాము హవ్వలకి తర్వాత ఎవరో ఆకులు పెయింట్ చేశారు, 1980ల్లో క్లీనింగ్ చేసినప్పుడు తీసేశారు. ఇది విడిగా ఒక ఎపిసోడ్ చేద్దాం. ఇప్పుడు లియొనార్డో, లాస్ట్ సప్పర్...

బావ: అది ఫ్రెస్కో కాదు.

బామ్మర్ది: నాకు తెలుసు బావా, చెప్పబోతున్నా.

బావ: కాకపోతే ఈ ఎపిసోడ్‌లో ఎందుకు? పని ఎగ్గొట్టినోడికి సన్మానం చేసినట్టు.

బామ్మర్ది: పని ఎగ్గొట్టినోడా! లియొనార్డో!

బావ: మరి? మిలాన్‌లో మఠం భోజనశాల, 1495 నుంచి 98 దాకా టైమ్ తీసుకున్నాడు. సున్నం మీద వెయ్యరా అంటే పొడి గోడ మీద తెల్ల పూత పూసి దాని మీద గుడ్డూ నూనే కలిపి వేశాడు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి చెడిపోవడం మొదలైంది, 1517లో చూసినాయన రాసుకున్నాడు ఆ మాట. హ్యాండోవర్ అయిన ఇరవై ఏళ్ళకి పెచ్చులు లేస్తే నన్నైతే ఊరుకుంటారా?

బామ్మర్ది: ఆయనకి కావాల్సింది వేరే బావా. ఫ్రెస్కోలో సున్నం తడారేలోపు తేల్చెయ్యాలి, తర్వాత దిద్దుకోడానికి లేదు, దిద్దాలంటే ఆ ముక్క చెక్కి పారేసి మళ్ళీ వెయ్యాలి. ఈయన చూస్తే ఒక రోజు పొద్దున్నుంచి చీకటి పడేదాకా తిండి కూడా మర్చిపోయి వేసేవాడంట, ఇంకో రోజు మిట్టమధ్యాహ్నం ఎండలో పరుగున వచ్చి రెండు గీతలు గీసి వెళ్ళిపోయేవాడంట. బాందెల్లో అని ఒక రచయిత, కుర్రాడిగా ఆ మఠంలో చూశాడు, తర్వాత రాశాడు. అలాంటి మనిషికి సున్నంతో ఎలా కుదురుద్ది? ఆ మొహాలు ఫ్రెస్కోలో వచ్చేవి కాదు.

బావ: ఇప్పుడు మాత్రం ఉన్నాయా ఆ మొహాలు? సగం రాలిపోయాయి, ఇరవై ఏళ్ళు కూర్చుని బాగుచేశారు, 1999లో తెరిచారు. 1652లో తలుపు పెట్టుకోడానికి గోడకి కన్నం కొట్టారు, జీసస్ కాళ్ళు పోయాయి. ఎందుకు కొట్టారు? అప్పటికే ఏం మిగిల్లేదనుకున్నారు కాబట్టి.

బామ్మర్ది: అది నీ ఊహ.

బావ: సరే ఊహే. ఇది ఊహ కాదు, విను. అదే హాల్లో, ఎదురు గోడ మీద ఏముంది?

బామ్మర్ది: ...మోంతోర్ఫానో.

బావ: గట్టిగా చెప్పు.

బామ్మర్ది: మోంతోర్ఫానో వేసిన సిలువ బొమ్మ. 1495. అసలు ఫ్రెస్కో.

బావ: అదే హాలు, అదే తేమ, అదే వంటింటి పొగ. 1943 ఆగస్టులో బాంబు పడి పైకప్పు ఎగిరిపోయింది, రెండు గోడలూ నిలబడ్డాయి. ఇప్పుడెళ్ళి చూడు, ఆ మోంతోర్ఫానోది నిక్షేపంలా ఉంటది. అతని పేరు ఎవడికీ తెలీదు, టికెట్ కొన్నవాళ్ళంతా అతనికి వీపు పెట్టి నిలబడతారు. ఇంకోటి కూడా ఉందిగా, నువ్వే చెప్పావు నాకు.

బామ్మర్ది: చెప్పడం నాదే తప్పు. ఆ మోంతోర్ఫానో గోడ మీదే కింద మూలల్లో మిలాన్ ఏలిన డ్యూక్ గారి కుటుంబాన్ని లియొనార్డో తర్వాత పొడి మీద వేశాడు, అవి దాదాపు చెరిగిపోయాయి. చుట్టూ ఉన్న ఫ్రెస్కో అలాగే ఉంది.

బావ: ఒకే గోడ! ఒకే గోడరా! డంగులో తిప్పిన సున్నం నాలుగు వందలేళ్ళు నిలబడ్డ కోటలు మన దగ్గర లేవూ...

బామ్మర్ది: ఆగు, నాదీ ఒకటుంది. నీ జొత్తో కూడా నీలం పొడి మీదే వేశాడు. అజురైట్ అని, ఆ నీలం రాతి పొడి సున్నంలో నిలబడదు, జిగురుతో తర్వాత వెయ్యాల్సిందే. అందుకే స్క్రొవేన్యిలో కొన్ని చోట్ల మేరీమాత పైవస్త్రం నీలం రాలిపోయి వెలవెలబోతుంది. సున్నమే దేవుడు అంటావు కదా, దేవుడు నీలాన్ని ఒప్పుకోలేదు.

బావ: ...అది రంగు తప్పు.

బామ్మర్ది: హహహ, రంగు తప్పంట! మైకెలాంజెలోకి అయితే మొదట్లోనే బూజు పట్టింది తెలుసా, 1508లో వాటికన్‌లో సిస్టీన్ చాపెల్ పైకప్పు మొదలెట్టాక. నా వల్ల కాదని వెళ్ళి పోప్‌కి చెప్పేశాడు.

బావ: నీళ్ళు ఎక్కువైతే పట్టదా మరి. సంగాల్లో అని భవనాలు కట్టేవాడు వచ్చి చూసి అదే చెప్పాడుగా. ఆ సంగాల్లో మేస్త్రి బుర్ర ఉన్నోడు.

బామ్మర్ది: అన్నట్టు మైకెలాంజెలో పడుకుని వెయ్యలేదండీ, నిలబడే వేశాడు, మెడ పట్టేసి, రంగు మొహం మీద కారుతుంటే. 1512లో అయిపోయింది. అదీ మైకెలాంజెలో.

బావ: అయిపోయిందా? అంతేనా?

బామ్మర్ది: టైమ్ నువ్వు తినేశావు కదా. ఒక్కటి చెప్పాలి. స్క్రొవేన్యికి పక్కనే ఎరెమితాని చర్చి ఉంది, అందులో ఒవెతారి చాపెల్, మాంతెన్యా అనే చిత్రకారుడు కుర్రాడిగా ఉన్నప్పుడు వేసిన ఫ్రెస్కోలు. 1944 మార్చి 11న బాంబులు పడ్డాయి. జొత్తోది నిలబడింది. ఇది పొడి అయింది. ఏరితే 88 వేల దాకా ముక్కలు, అన్నీ డబ్బాల్లో సర్ది దాచారు. తర్వాత ఎప్పటికో పాత ఫొటోలు పెట్టుకుని, కంప్యూటర్‌తో ఏ ముక్క ఎక్కడిదో పోల్చి చూసి, 2006లో గోడకి తిరిగి పెట్టారు. చాలావరకు ఖాళీయే, మధ్యమధ్యలో ఒక చెయ్యి, ఒక మొహం.

బావ: ...

బామ్మర్ది: ఏంటి బావా?

బావ: ఏం లేదు. ఊళ్ళో మా ఇల్లు పడగొట్టింది నేనే కదా. నువ్వు అప్పుడు చిన్నోడివి. మధ్య గదిలో గూటి పైన రెండు చిలకలు ఉండేవి, ఎవరు వేశారో నాయనకే తెలీదు. గునపం వేస్తే సున్నం పెచ్చు ఇంత మందాన ఊడొచ్చింది, చిలక తోక దాని మీదే ఉంది. ట్రాక్టర్లో వేసి చెరువు గట్టుకి పోయించా. డబ్బాలో దాచాలని ఎవడికి తోచుద్ది.

బామ్మర్ది: అక్కకి తెలుసా?

బావ: మీ అక్క ఇంకా పెళ్ళయి రాలేదు అప్పటికి. ఫ్యాన్ వేస్తారా, ఉక్కపోస్తుంది.

బామ్మర్ది: ఇంకో రెండు నిమిషాలు బావా, మెసేజ్‌లు చదవాలి. ఒకాయన అడిగారు, అజంతా ఫ్రెస్కోనా అని...

బావ: కాదు. పొడి గోడ. అదీ లియొనార్డో బాపతే.

బామ్మర్ది: అజంతాని కూడా అంటావా! అసలు 1920ల్లో నిజాం ప్రభుత్వం ఇటలీ నుంచి మనుషుల్ని రప్పించింది వాటిని కాపాడ్డానికి, వాళ్ళు పూసిన వార్నిష్ తర్వాత పసుపెక్కిపోయి...

బావ: వార్నిష్! చూశావా, వార్నిష్ అంట! సున్నం దగ్గరికి ఎవడైనా వార్నిష్ తెస్తాడా, ఊపిరి ఆడొద్దా దానికి, ఇదే నేను సిమెంటు గురించి...

బామ్మర్ది: ఫ్యాన్ వేసెయ్ బావా, వేసెయ్.