గ్లూకోజ్ ఎక్కించే ముందు తీసే రక్తం

అందరికీ నమస్కారం. రేపటి నుంచి పిల్లల వార్డులో మీకు డ్యూటీలు మొదలవుతున్నాయి. ఒక్క విషయం గట్టిగా చెబుదామని వచ్చాను.

ఒక బిడ్డ సంగతి చూడండి. రెండు రోజులుగా వాంతులు, పాలు ముట్టలేదు. తెల్లవారుజామున బిడ్డ ఎంత లేపినా లేవడం లేదని తల్లి ఎత్తుకొచ్చింది. షుగర్ చూస్తే 30. మామూలుగా ఇంతసేపు పస్తున్న బిడ్డ ఒంట్లో కొవ్వు కరిగి, కాలేయంలో కీటోన్లుగా, అంటే షుగర్ లేనప్పుడు మెదడు వాడుకునే ఇంధనంగా మారి ఆదుకుంటుంది. ఈ బిడ్డలో షుగరూ లేదు, కీటోన్లూ అంతంతమాత్రమే. కొవ్వు ఆమ్లాలు మాత్రం రక్తంలో పేరుకుపోయాయి. పొయ్యి దాకా కట్టెలు వచ్చాయి, అంటుకోలేదు.

ఎక్కడ ఆగిందో రక్తంలోని ఎసైల్‌కార్నిటైన్లు, అంటే కార్నిటైన్‌కు అతుక్కున్న కొవ్వు ఆమ్లం ముక్కలు చెబుతాయి. పొడవాటి కొవ్వు ఆమ్లం కణంలోని పొయ్యి లాంటి మైటోకాండ్రియాలోకి పోవాలంటే కార్నిటైన్ అనే పదార్థం తోడు కావాలి. లోపల విడతకు రెండేసి కార్బన్లు తెగుతాయి. 16 కార్బన్ల పామిటిక్ ఆమ్లం ఏడు విడతల్లో ఎనిమిది ముక్కలవుతుంది. మధ్యలో ఒక ఎంజైమ్ లోపిస్తే, అక్కడ ఆగిన ముక్క కార్నిటైన్‌ను పట్టుకుని రక్తంలోకి వచ్చేస్తుంది. ఎనిమిది కార్బన్ల ముక్క సీ8 బాగా పెరిగితే మధ్యస్థ కొవ్వు ఆమ్లాలను తెంచే ఎమ్‌క్యాడ్ ఎంజైమ్ లోపమని, పద్నాలుగు కార్బన్ల ముక్క సీ14:1 పెరిగితే బాగా పొడవాటి వాటిని తెంచే విఎల్‌క్యాడ్ ఎంజైమ్ లోపమని అనుమానిస్తాం.

గ్లూకోజ్ ఎక్కితే ఇన్సులిన్ పెరిగి, కొవ్వు కరగడం తగ్గుతుంది. కాసేపటికే కీటోన్ల లెక్క మారిపోతుంది. ఎమ్‌క్యాడ్‌లో సీ8 తర్వాత కూడా ఎక్కువగానే దొరుకుతుంది గానీ, విఎల్‌క్యాడ్ బిడ్డ కడుపు నిండాక తీస్తే రిపోర్టు నార్మల్‌గా రావచ్చు. కాబట్టి నరంలో క్యాన్యులా గొట్టం పడగానే ముందు పరీక్షకు రక్తం, వెంటనే గ్లూకోజ్. రక్తం రాకపోతే దానికోసం గ్లూకోజ్ ఆపకండి, ప్రాణం ముఖ్యం.

పుట్టుకతో వచ్చే జబ్బులు పట్టుకోవడానికి, పుట్టిన 24 నుంచి 72 గంటల్లోపు మడమ పొడిచి కార్డు మీదకు తీసే రక్తపు చుక్కకూ ఇదే లెక్క. తల్లికి పాలు ఇంకా సరిగా పడని రోజులవి, బిడ్డ ఒళ్లు కొవ్వు మీదే ఆధారపడుతుంది. 1960ల్లో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ గత్రీ పీకేయూ అనే పుట్టుకతో వచ్చే జబ్బును పట్టుకోవడానికి ఈ చుక్కను వాడారు. 1990ల్లో అణువులను బరువును బట్టి గుర్తించే టాండమ్ మాస్ స్పెక్ట్రోమెట్రీ వచ్చాక అదే చుక్కలో పదుల జబ్బులు కనిపిస్తున్నాయి. మన దగ్గర ప్రతి ఆసుపత్రిలో ఇది జరగడం లేదు, నాకు అదే బాధ. ఎమ్‌క్యాడ్ బిడ్డను బతికించుకోవడానికి ఖరీదైన మందులేమీ అక్కర్లేదు. పస్తు పెట్టకూడదు, జబ్బు చేసి తినలేకపోతే ఆలస్యం లేకుండా గ్లూకోజ్ అందాలి.

ఇక ఆ చుక్క వేసే కార్డు. దాని మీద గీసిన ఒక్కో గుండ్రానికి ఒకటే పెద్ద చుక్క, వెనక్కి ఇంకేలా. చుక్క మీద చుక్క వేయొద్దు. ఎండ తగలకుండా, బల్లకు ఆనకుండా, అడ్డంగా పరిచి కనీసం మూడు గంటలు ఆరనివ్వండి. కార్డులు తెచ్చాను, ఒక్కొక్కరూ వచ్చి చేత్తో పట్టుకుని చూడండి.