బ్రేక్ ప్యాడ్లు అడిగేముందు ఆర్సీ తీయండి

శ్రోతలకు నమస్కారం.

"అన్నా, స్విఫ్ట్‌కి ముందు ప్యాడ్లు ఇవ్వు." విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో స్పేర్ పార్ట్స్ షాపు ముందు కాసేపు నిలబడితే ఇలాంటి మాట వినిపిస్తుంది. కౌంటర్ వెనక మనిషి అనుభవం ఉన్నవాడైతే వెంటనే డబ్బా తీయడు. "ఏ మోడల్ సార్? పెట్రోలా, డీజిలా? పాతది తెచ్చారా?" అని ఎదురు అడుగుతాడు. కొనేవాళ్లకు విసుగొస్తుంది. నన్నడిగితే, ఒక్క ముక్క కూడా అడక్కుండా డబ్బా చేతిలో పెట్టే షాపు దగ్గరే మనం జాగ్రత్తగా ఉండాలి.

ఎందుకంటే, స్విఫ్ట్ అనే పేరుతో మన దేశంలో 2005లో ఒక కారు వచ్చింది. మళ్లీ 2011లో, 2018లో, 2024లో అదే పేరుతో కొత్త తరాలు దిగాయి. ఐ20 కూడా అంతే, 2008లో వచ్చింది వేరు, 2014లోది వేరు, 2020లోది వేరు. ఇవి పెద్ద మార్పులు, బండి ముఖం చూస్తేనే తెలిసిపోతాయి. చిక్కంతా చిన్న మార్పులతోనే. అదే మోడల్ తయారవుతుండగానే కంపెనీ చక్రంతో పాటు తిరిగే డిస్క్ సైజు పెంచవచ్చు, ప్యాడ్లను ఆ డిస్క్‌కి అదిమే కాలిపర్‌ను ఇంకో సప్లయర్ దగ్గర తీసుకోవచ్చు. కొన్ని మోడళ్లలో పెట్రోల్ బండికి ఒక సైజు, డీజిల్ బండికి ఒక సైజు. బయటినుంచి ఎంత చూసినా తేడా కనిపించదు. లోపల ప్యాడ్ మాత్రం మారిపోయి ఉంటుంది.

ఇక సంవత్సరం సంగతి. "మాది 2019 మోడల్" అని మనం చెప్పేది చాలాసార్లు రిజిస్ట్రేషన్ అయిన సంవత్సరం. డిసెంబరులో ఫ్యాక్టరీలో తయారైన బండి షోరూమ్ యార్డులో ఉండి ఉండి, ఫిబ్రవరిలో మన ఇంటికి వచ్చి ఉండొచ్చు. ఆర్సీ తీసి చూడండి, తయారైన నెల, సంవత్సరం విడిగా ఉంటాయి. ఒక్కో బండికీ విడిగా ఇచ్చే గుర్తింపు నంబర్, అదే చాసిస్ నంబర్, కూడా అందులోనే ఉంటుంది. అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు కలిపి మొత్తం 17. మారుతి బండ్లలో చాలావాటికి అది ఎంఏ3తో మొదలవుతుంది, హ్యుందాయ్‌కి ఎంఏఎల్‌తో, టాటాకి ఎంఏటీతో. ఫోనులో చదివి చెప్పేటప్పుడు చాలామంది తడబడేది సున్నా దగ్గర. ఈ నంబర్లలో ఐ, ఓ, క్యూ అనే అక్షరాలు అసలు వాడరు. కాబట్టి గుండ్రంగా కనిపించేది సున్నాయే, నిలువు గీత ఒకటి అంకే.

కంపెనీ పార్ట్స్ కౌంటర్‌లో ఈ నంబర్ ఇస్తే మీ బండికి ఫ్యాక్టరీలో ఏ ప్యాడ్లు వేశారో, వాటి పార్ట్ నంబర్ ఏమిటో కంప్యూటర్‌లో వస్తుంది. పాత నంబర్ ఆపేసి దాని బదులు కొత్తది ఇచ్చి ఉంటే అదీ తెలుస్తుంది. ఆ పార్ట్ నంబర్ రాసుకోండి. అక్కడే కొనాలని రూలేమీ లేదు. చెన్నై రాణే, బాష్ లాంటి కంపెనీల ప్యాడ్లు బయట షాపుల్లో దొరుకుతాయి. ఏ బండికి తమ ప్యాడ్ ఏదో చెప్పే క్యాటలాగులు వాళ్లకీ ఉంటాయి. రాసుకున్న నంబర్ చూపిస్తే షాపువాడికి కూడా పని తేలిక.

అంత చేసినా పాత ప్యాడ్‌ను చేత్తో పట్టుకుని వెళ్లడమే మంచిది. చక్రం విప్పాక మెకానిక్ తీసి ఇచ్చే ఆ నల్లటి ముక్కను ఒక గుడ్డతో తుడిచి చూడండి. వెనక ఇనుప పలక, దాని మీద అతికించిన రాపిడి పదార్థం. పలకకు రెండు చివర్లా చెవులు ఉంటాయి, అవే కాలిపర్ బ్రాకెట్ గాడిలో కూర్చుంటాయి. కొత్త ప్యాడ్ పలకను పాతదాని పలక మీద వీపుకు వీపు ఆనించి పట్టుకోండి. చెవులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా రావాలి. పలక మందం ఒకటే ఉండాలి. క్లిప్పు పట్టే బొడిపెలు ఉంటే అవి అదే చోట ఉండాలి. చివరన వంచిన సన్నని రేకు ముక్క ఉంటే, అది ప్యాడ్ అరిగినప్పుడు డిస్క్‌కి తగిలి కీచుమని అరిచే రేకు. ఆ రేకు ఎటువైపు, ఏ ప్యాడ్‌కి ఉందో కూడా చూసుకోవాలి, లోపలి ప్యాడూ బయటి ప్యాడూ చాలా బండ్లలో ఒకేలా ఉండవు.

అయితే పాత ప్యాడ్‌ని కూడా గుడ్డిగా నమ్మలేం. అంతకుముందు ఎవరో వేరే మోడల్ ప్యాడ్ తెచ్చి, చెవులు గాడిలో పట్టకపోతే గ్రైండర్ పెట్టి అరగదీసి బిగించి ఉండొచ్చు. చెవుల మీద గ్రైండర్ గీతలు మెరుస్తూ కనిపిస్తే అదే సంగతి. సెకండ్ హ్యాండ్ బండ్లలో ఇది కొత్తేమీ కాదు. అలాంటి ప్యాడ్ గాడిలో వదులుగా ఆడుతుంది, లేదా బిగుసుకుపోయి డిస్క్‌ను వదలదు. చక్రం వేడెక్కుతుంది, మైలేజీ పడిపోతుంది, ఓనరేమో పెట్రోల్ బంకువాణ్ని తిట్టుకుంటూ ఉంటాడు. అందుకే ఆర్సీలో నంబరూ, చేతిలో ప్యాడూ రెండూ ఒకే మాట చెప్పాలి. చెప్పకపోతే ఆర్సీ వైపే ఉండండి.

వెనక చక్రాల విషయం త్వరగా చెప్పేస్తాను. మన చిన్న కార్లలో ఎక్కువవాటికి వెనక డ్రమ్ బ్రేకులే. వాటిలో ఉండేవి షూలు, ప్యాడ్లు కావు. "నాలుగు చక్రాలకూ ప్యాడ్లు మార్చాం" అని బిల్లు ఇస్తే, ముందు మీ బండికి వెనక డిస్కులున్నాయో లేదో చూసుకోండి.

కొన్ని ప్యాడ్ల అంచు మీద ఒక పొడుగు కోడ్ అచ్చు వేసి ఉంటుంది. దాని చివర రెండు ఇంగ్లీషు అక్షరాలుంటాయి, ఎఫ్ఎఫ్ అనో, ఈఎఫ్ అనో. మొదటిది మామూలు వేడిలో ప్యాడ్‌కి ఎంత పట్టు ఉందో చెబుతుంది, రెండోది బాగా వేడెక్కాక ఎంత ఉందో చెబుతుంది. ఎఫ్ అంటే రాపిడి గుణకం, అంటే ఆ పట్టును కొలిచే అంకె, 0.35 నుంచి 0.45 దాకా. జీ అంటే అంతకంటే ఎక్కువ, ఈ అంటే తక్కువ. తిరుమల నుంచి పాత ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు మలుపు మలుపుకీ బ్రేకు మీద కాలేసే బండ్లకు ఆ రెండో అక్షరమే ప్రాణం. అలాగని జీ ఉన్నది ఇంకా మంచిదని ఎగబడకండి. అది పట్టు లెక్కే తప్ప క్వాలిటీ మార్కు కాదు. ముందు, వెనక బ్రేకుల మధ్య కంపెనీ ఒక లెక్క పెట్టుకుని బండి తయారుచేస్తుంది. ఫ్యాక్టరీ ప్యాడ్ మీద ఏ అక్షరాలుంటే వాటికి దగ్గరగా ఉన్నవి తీసుకుంటే చాలు. ఘాట్‌లో దిగేటప్పుడు మాత్రం ఎంత ఖరీదైన ప్యాడ్ వేసినా సెకండ్ గేరు మానకూడదు.

డూప్లికేట్ల బెడద ఉంది కాబట్టి రేటు మరీ తక్కువ చెబితే అనుమానించండి. డబ్బా మీద పార్ట్ నంబరూ, ప్యాడ్ వీపు మీద ఉన్న గుర్తులూ పోల్చండి. బిల్లు మీద పార్ట్ నంబర్ రాయించుకోండి. "సెట్టు ఒకటి" అని రాసి ఇస్తే రేపు వాపసు ఇవ్వడానికి పనికిరాదు. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు "మీ కారుకు సరిపోతుంది" అన్న పచ్చ టిక్కును చూసి ఆర్డర్ పెట్టకండి. అక్కడ మోడల్, సంవత్సరం ఎంచుకుంది మనమే కదా.

అసలు మార్చాల్సిన టైమ్ వచ్చిందా అన్నదీ ఒక ప్రశ్నే. కొత్త ప్యాడ్‌లో రాపిడి పదార్థం సుమారు 10 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. 3 దాకా వచ్చాక ఆలస్యం చేయకూడదు. సిటీ ట్రాఫిక్‌లో తిరిగే బండికి 30 వేల కిలోమీటర్లకే అయిపోవచ్చు, హైవే మీదే తిరిగే బండికి దానికి రెట్టింపు రావచ్చు. కాబట్టి కిలోమీటర్ల లెక్క చెప్పి మార్చమంటే, చక్రం విప్పి చూపించమనండి. మార్చేటప్పుడు కుడి, ఎడమ చక్రాలు రెండింటికీ కలిపే మార్చాలి. ఒకవైపే మారిస్తే బ్రేకు వేయగానే బండి పక్కకు లాగుతుంది.

చివరిగా, బిగించిన తర్వాత. కొత్త ప్యాడ్లు పట్టడానికి కాలిపర్‌లో పిస్టన్‌ను వెనక్కి నెడతారు. అందువల్ల మొదటిసారి బ్రేకు తొక్కితే పెడల్ నేల దాకా వెళ్లిపోతుంది, బండి ఆగదు. షెడ్డులోంచి బండి కదిలించకముందే, పెడల్ గట్టిపడేదాకా తొక్కి తొక్కి వదలండి. బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం చూసి మూత పెట్టించండి. మొదటి 200 కిలోమీటర్లు గట్టి బ్రేకులు వేయకుండా నడపండి. ఆ కొత్తలో కాస్త వాసన వచ్చినా కంగారు పడక్కర్లేదు. రెండు మూడు రోజులైనా కీచుమంటూనే ఉంటే మాత్రం బిల్లు పట్టుకుని ఆ షాపుకే వెళ్లండి.

నమస్కారం.