సర్వర్‌లో అందరికీ ఒకే స్టోర్ పెట్టారా? అయితే ఒకరి వివరాలు మరొకరికి చూపిస్తున్నారు

మిత్రులారా, వెబ్ అప్లికేషన్‌కు కావలసిన సమాచారాన్ని ‘స్టోర్’ అనే ఒకే చోట దాచిపెట్టే లైబ్రరీల్లో రిడక్స్ మేలా, జుస్టాండ్ మేలా అన్న తగువు ఎంతకీ తెగడం లేదు, ఇరుపక్షాలూ మాత్రం అసలు ప్రమాదం జోలికే పోవడం లేదు. పేజీని సర్వర్ తయారుచేసి పంపే అప్లికేషన్‌లో, ఫైలు మొదట్లోనే అందరికీ కలిపి ఒక్క స్టోర్ సృష్టించి అందులో వినియోగదారుల వివరాలు పెడితే, మీరు ఏ లైబ్రరీ వాడినా ఒకరి సమాచారం మరొకరి తెర మీదికి చేరే ప్రమాదం ఉంది.

ఇది నేను కళ్లారా చూసిన సంగతి. మాదాపూర్‌లో నేను పనిచేసిన ఒక సంస్థలో, ఉదయం అందరూ ఒక్కసారిగా లాగిన్ అయ్యే వేళ, ఒక ఉద్యోగినికి తన జీతం పేజీ పైన వేరొకరి పేరు కనిపించింది. ఆమె భయపడి ఫోన్ చేసిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. రెండు రోజులు డేటాబేస్‌ను అనుమానించాము. చివరికి దొరికినది మాడ్యూల్ (ఒక కోడ్ ఫైలు) పైభాగంలో రాసిన ఒకే ఒక్క వేరియబుల్.

సర్వర్‌లో జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ ఒక మాడ్యూల్‌ను మామూలుగా ఒక్కసారే లోడ్ చేసుకుంటుంది, నడుస్తున్న ఆ ప్రాసెస్ ఆగేదాకా బ్రౌజర్ల నుంచి పేజీ కోరుతూ వచ్చే ప్రతి రిక్వెస్టుకూ అదే వేరియబుల్ దక్కుతుంది. మొదటి వ్యక్తి రిక్వెస్ట్ తన పేరు అందులో రాసి డేటాబేస్ జవాబు కోసం ఎదురుచూస్తుండగా, రెండో వ్యక్తి రిక్వెస్ట్ వచ్చి దాన్ని చెరిపి తన పేరు రాస్తుంది. జవాబు అందుకున్న మొదటి రిక్వెస్ట్ ఆ పేరుతోనే పేజీ తయారుచేసి పంపేస్తుంది. మన లాప్‌టాప్‌లో పరీక్షించేది మనం ఒక్కరమే కనుక ఈ తప్పు అక్కడ బయటపడదు. ప్రతి రిక్వెస్టుకూ కొత్త స్టోర్ సృష్టించమని రిడక్స్ అధికారిక పత్రాలు చెబుతూనే ఉన్నాయి, సర్వర్‌లో పేజీలు తయారుచేసే నెక్స్ట్ జేఎస్ వాడేవారికి జుస్టాండ్ పత్రాలు చెప్పేదీ అదే.

మరి ఎందుకు వినడం లేదు? తప్పు మనకు పాఠం చెప్పిన తీరులో ఉందని నా గట్టి నమ్మకం. అమీర్‌పేటలో నేను వెబ్ పేజీలు కట్టే రియాక్ట్ లైబ్రరీ నేర్చుకున్నప్పుడు అంతా బ్రౌజర్‌లో నడిచే ప్రాజెక్టులే, అక్కడ ట్యాబ్ ఒక్కరిదే. అంతకుముందు సర్వర్‌లో నడిచే పాత భాష పీహెచ్‌పీతో పని మొదలుపెట్టిన మా సీనియర్లకు ఈ బాధ తెలియదు, ఎందుకంటే సాధారణ పీహెచ్‌పీలో రిక్వెస్ట్ ముగియగానే వేరియబుల్స్ అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. పాతదని మనం చిన్నచూపు చూసిన ఆ పద్ధతే వినియోగదారుడిని కాపాడింది!

నన్నడిగితే సర్వర్‌లో గ్లోబల్ స్టేట్‌కు, అంటే ఇలా అందరికీ ఉమ్మడిగా ఉంచే సమాచారానికి, ఉన్న అవసరం చాలా తక్కువ. వెతుకులాట, పేజీ సంఖ్య యూఆర్‌ఎల్‌లో ఉండాలి, లాగిన్ గుర్తు బ్రౌజర్ దాచుకునే కుకీలో ఉండాలి, మిగిలినది డేటాబేస్‌లో ఉండాలి. ఒకే రిక్వెస్ట్ లోపల పలుచోట్ల అవసరమయ్యే వివరాలకు 2020 నుంచి నోడ్‌లో, ఏ రిక్వెస్ట్ సమాచారం దానికే విడిగా ఉంచే అసింక్ లోకల్ స్టోరేజ్ ఉంది.

నమ్మకం కలగకపోతే, మీ సొంత లాప్‌టాప్‌లో డేటాబేస్ పిలుపుకు 2 సెకన్ల ఆలస్యం పెట్టి, రెండు బ్రౌజర్లలో ఇద్దరు వేర్వేరు వ్యక్తులుగా లాగిన్ అయి, ఒకరి వెంట ఒకరు ఒకే పేజీ తెరవండి. పేర్లు తారుమారైతే ఆ వేరియబుల్‌ను ఈ రోజే తీసేయండి.