యాభై ఐదు దాటాక ప్రేమ నవల: మొదటి పేరా నుంచి అచ్చు దాకా

[తెర మీద: తెల్లవారుజాము. కపిలతీర్థం రోడ్డులో ఒక మేడగది. బల్ల మీద గీతల నోటుబుక్కు, కళ్లజోడు, ఫోను.]

ఉద్యోగం ముగిసింది. పిల్లలు బెంగళూరులోనో చెన్నైలోనో స్థిరపడ్డారు. నడక, గుడి, పేపరు అన్నీ అయ్యేసరికి తొమ్మిదిన్నర. ఆ తర్వాత రోజంతా మీ చేతిలోనే ఉంటుంది. ఆ వేళలో ఒక ప్రేమకథ రాద్దామని మనసుకు తోచగానే "ఈ వయసులోనా?" అని మనల్ని మనమే వెనక్కి లాగుతాం. అలా ఆగిపోయినవాళ్ల కోసమే ఈ వీడియో.

తిరుపతిలో ఆ బెరుకు పెట్టుకోనక్కర్లేదు. కొండ మీద రాగిరేకుల్లో దొరికిన అన్నమయ్య సంకీర్తనల్లో ఆధ్యాత్మికం కంటే శృంగారమే ఎక్కువ. ఐదు వందల ఏళ్ల కిందటి ఆ పాటల నిండా ఉన్నవి అలకలూ, విరహమూ, బుజ్జగింపులూ.

ఇక పనిలోకి దిగుదాం.

[తెర మీద అక్షరాలు: అడ్డు]

ప్రేమ నవలను లాక్కెళ్లేది అడ్డు. ఇద్దరికీ ఇష్టమే, మరి ఎందుకు కలవలేదు? ఈ ప్రశ్నకు మీ దగ్గర గట్టి జవాబు ఉంటే 36 వేల పదాలు నడుస్తాయి. లేకపోతే ఐదో అధ్యాయానికే కథ కూలబడుతుంది. అపార్థాలు, దొరికిపోయిన ఉత్తరాలు, దూరం నుంచి చూసి పొరబడటాలు చాలామంది అడ్డుగా వాడతారు. ఒక్క ఫోను చేసి మాట్లాడుకుంటే తీరిపోయేదాన్ని నమ్ముకుని నవల మొదలుపెట్టకండి. పాఠకులు "అడిగేయొచ్చు కదా" అనుకున్నారంటే ఇక మీ వెంట రారు.

వయసు మీకు కలిసొచ్చేది ఇక్కడే. ట్రెజరీలో పనిచేసినవాళ్లకు, తాలూకాఫీసులో పనిచేసినవాళ్లకు, బడిలో పాఠం చెప్పినవాళ్లకు నిజమైన అడ్డులు ఎన్నో తెలుసు. ఒక ఉదాహరణ కట్టి చూపిస్తాం.

వసంత, 54 ఏళ్లు. భర్త ప్రభుత్వ టీచరుగా ఉంటూ చనిపోయారు. ఆమెకు ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది, తిరుపతిలో చిన్న టైలరింగు షాపు ఉంది. రాఘవులు, 58 ఏళ్లు, పుత్తూరు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి మానేశాడు, భార్య పోయి చాలాకాలమైంది. ఇద్దరికీ ఇష్టం కుదిరింది. అడ్డు ఏమిటంటే, భార్యకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్ ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోతుంది. ఆ డబ్బుతోనే కూతురి చదువు అప్పు కడుతోంది. ఎంత ప్రేమగా మాట్లాడుకున్నా ఈ ముడి విడిపోదు. ఎవరో ఒకరు ఏదో ఒకటి వదులుకోవాలి. ఎవరు, ఏది, ఎప్పుడు వదులుకుంటారన్నదే మీ నవల.

[తెర మీద: గంగమ్మ జాతర. పసుపు, వేపాకు, వేషాలు వేసిన మగవాళ్లు.]

అడ్డు వాళ్లిద్దరినీ విడదీస్తుంటే, వాళ్లను ఒకచోట కట్టిపడేసేది కూడా ఒకటి కావాలి. మన ఊళ్లో దానికి తాతయ్యగుంట గంగమ్మ జాతరను మించినది లేదు. మే నెలలో చాటింపు వేశాక, జాతర ముగిసేదాకా ఊరివాళ్లు రాత్రిపూట ఊరు దాటి ఉండకూడదన్నది పాత కట్టుబాటు. మొక్కు తీర్చుకోవడానికి మగవాళ్లు ఆడవేషం వేస్తారు. రాఘవులు ఒక్కరోజు పనికని తిరుపతిలో అక్క ఇంటికి వస్తాడు. ఆ రాత్రే చాటింపు. అక్క కదలనివ్వదు. ఎప్పటిదో మొక్కు మిగిలిపోయింది, వేషానికి జాకెట్టు కుట్టించాలి. కొలతలు తీసేది వసంత. టేపు భుజం మీద పెట్టిన క్షణం నుంచి మీకు చేతినిండా పనే.

ఇలాంటివి మీ ఊళ్లోనే వెతకండి. మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీ ముందు తోతాపురి లోడుతో రాత్రంతా నిలబడిన లారీల వరస. తలకోనలో ఆగిపోయిన బస్సు. కథలో ఇద్దరు ఎందుకు పక్కపక్కన ఉండాల్సి వచ్చిందో ఊరే చెప్పాలి. యాదృచ్ఛికం ఒక్కసారి, అదీ మొదట్లో అయితే చెల్లుతుంది. చివర్లో వాడితే మోసపోయామనుకుంటారు.

[తెర మీద అక్షరాలు: కొలతలు]

ఫోనులో చదివేవాళ్లకు 30 అధ్యాయాలు, ఒక్కోటి 1200 పదాలు చాలు. మొత్తం 36 వేలు. వారానికి ఐదు రోజులు, రోజుకు 500 పదాల చొప్పున రాస్తే రెండు అధ్యాయాలు వస్తాయి. అంటే 15 వారాలు. దాదాపు మూడున్నర నెలల్లో మొదటి రాత పూర్తవుతుంది.

మొదటి అధ్యాయంలోనే ఇద్దరూ ఎదురుపడాలి. పదో అధ్యాయానికల్లా ఒకరిని తప్పించుకుని ఇంకొకరు తిరగలేని స్థితి రావాలి. పదిహేనులో, అంటే సరిగ్గా నడుమ, ఎవరో ఒకరు మనసు బయటపెట్టాలి, రెండోవాళ్లు జవాబు చెప్పకూడదు. 22కీ 24కీ మధ్య అడ్డు పూర్తి బరువుతో మీద పడి విడిపోవాలి. చివరి మూడు అధ్యాయాలు కలయికకు. సుఖాంతం తప్పనిసరి. ప్రేమ నవల చేతిలోకి తీసుకున్నవాళ్లు ఆ నమ్మకంతోనే తీసుకుంటారు. దాన్ని వమ్ము చేయాలనిపిస్తే వేరే రకం నవల రాయండి.

వారం వారం అధ్యాయాలుగా యాప్‌లో పెట్టాలనుకుంటే, పది చేతిలో ఉన్నాకే మొదటిది బయట పెట్టండి. జ్వరం వస్తుంది, పెళ్లిళ్ల సీజన్ వస్తుంది, మనవరాలు సెలవులకొస్తుంది. ఆ పదీ ఉంటే ఐదు వారాలు ఊపిరి తీసుకోవచ్చు. మధ్యలో ఆగిన ధారావాహికకు పాఠకులు తిరిగి రావడం చాలా కష్టం.

[తెర మీద: కాగితం మీద రెండు పేరాలు పక్కపక్కన. ఒకదాని మీద ఎర్ర గీత.]

ఇక తప్పులు. పెద్ద వయసులో మొదలుపెట్టినవాళ్లకు ముఖ్యంగా రెండు వస్తాయి.

ఒకటి, కథను పుట్టుక నుంచి మొదలుపెట్టడం. వసంత తాత ఎవరు, పొలం ఎంత, ఏ ఊరి నుంచి వలస వచ్చారు... ఇవన్నీ మీకు తెలియాలి. పాఠకులకు పదింట ఒక వంతు తెలిస్తే సరిపోతుంది. మొదటి రాత అయ్యాక మొదటి మూడు పేజీలు పక్కన పెట్టి నాలుగో పేజీ నుంచి చదివి చూడండి. చాలా కథలు నిజానికి అక్కడే మొదలవుతాయి.

రెండోది, బోధ. "ప్రేమంటే త్యాగం" అని పాత్ర చేత చెప్పించాలని చేయి లాగుతుంది. ఆ వాక్యం కొట్టేసి, ఆ త్యాగం చేసే పనిని రాయండి. రాఘవులు వసంతను ఇష్టపడుతున్నాడని చెప్పడానికి అరపేజీ వర్ణన అక్కర్లేదు. నాలుగోసారి షాపుకొస్తాడు.

"ఏం సార్, మళ్లా గుండీ ఊడిందా?"

"ఊడలేదు. నేనే పీకినా."

అంతే. ఆ గుండీ కుట్టేటప్పుడు ఆమె దారం ఎన్నిసార్లు సూదిలోకి ఎక్కించలేకపోయిందో రాస్తే ఆమె మనసు కూడా తెలిసిపోతుంది.

మాటల్లో చిత్తూరు యాస ఉండనివ్వండి. "వస్తాండా", "ఎట్లుండారు", "ఇంగ చాలు" అని పాత్రలు మాట్లాడితే ప్రాణం వస్తుంది. కథనం మాత్రం అందరికీ అర్థమయ్యే తెలుగులో నడపండి, లేకపోతే శ్రీకాకుళంలో చదివేవాళ్లు అలసిపోతారు. సరసం ఎంతవరకు అన్నది మొదటి ఐదు అధ్యాయాల్లోనే తేలాలి. చూపులతో మొదలై చూపులతోనే నడిచిన కథ ఇరవయ్యో అధ్యాయంలో ఒక్కసారిగా పడకగదిలోకి వెళితే, లేదా అటునుంచి ఇటు వచ్చినా, చదివేవాళ్లు ఇబ్బంది పడతారు.

[తెర మీద: ఘాట్ రోడ్డు పాత, కొత్త దృశ్యాలు.]

పాతకాలం కథ రాస్తున్నారా? కాలం తప్పులు ఊరివాళ్లు క్షణంలో పట్టేస్తారు. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది, రెండోది 1974లో. అంటే 1965లో జరిగే కథలో ఎక్కే బస్సూ దిగే బస్సూ ఒకే దారిలో ఎదురుపడతాయి. రెండు బస్సుల కిటికీల్లోంచి చూపులు కలిసే సన్నివేశం ఆ కాలానికే కుదురుతుంది. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983లో మొదలయ్యాయి. 1975లో మీ నాయిక మహిళా యూనివర్సిటీలో చదవలేదు. టెలిగ్రాం 2013 జూలై దాకా ఉంది. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది, అంతకుముందు కథల్లో తిరుపతి చిత్తూరు జిల్లాలోదే.

తెలిసినవాళ్ల కథ వాడుకునేటప్పుడు పేరు మారిస్తే సరిపోదు. ఊరు, వృత్తి, పిల్లల లెక్క కూడా మార్చండి. వీధిలో వాళ్లు గుర్తుపట్టగలిగితే అది ఒక మనిషి పరువు.

రాసే సాధనం గురించి కొంచెం. ఫోనులో జీబోర్డు (గూగుల్ కీబోర్డు) మైకు నొక్కి తెలుగులో చెబితే అక్షరాలు పడతాయి. వేళ్లు నొప్పి ఉన్నవాళ్లకు ఇది పెద్ద వరం. అయితే ణ-న, ళ-ల తారుమారవుతాయి, యాస మాటల్ని అది పుస్తకాల భాషలోకి మార్చేస్తుంది, కామా, ఫుల్‌స్టాప్ మీరే పెట్టుకోవాలి. అందుకని కథనం నోటితో చెప్పి, సంభాషణలు చేత్తో టైపు చేయడం మంచిది. అక్షరాలు 18 సైజులో పెట్టుకోండి. రోజు ముగిసేటప్పుడు ఫైలును మెయిలులో మీకే పంపుకోండి. ఫోను పోయినా నవల పోదు.

[తెర మీద అక్షరాలు: ఎక్కడికి పంపాలి]

ఇది రాయకముందే తేల్చుకోవాల్సిన విషయం. పత్రికలు, పోటీలు రచనతో పాటు హామీపత్రం అడుగుతాయి: సొంత రచన, అనువాదం కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు అని. ఫేస్‌బుక్‌లో పెట్టినా, యాప్‌లో పెట్టినా అది ప్రచురితమైనట్టే చాలామంది లెక్కేస్తారు. కాబట్టి పత్రికకు పంపాలనుకున్న కథను ముందు గ్రూపుల్లో పెట్టకండి. యాప్ దారి ఎంచుకుంటే, 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపిలాంటి వేదికల్లో అధ్యాయాల వారీగా పెట్టొచ్చు. వారంలో రెండే రోజులు, అవే రోజులు, అదే వేళ. చదువరులకు అలవాటు పడాలి.

సినిమా పాట చరణాలు అధ్యాయం తలకట్టుగా పెట్టకండి. మన చట్టంలో రచన హక్కు రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఉంటుంది. అన్నమయ్య పదానికి ఆ చిక్కు లేదు.

మీ రచనకూ ఆ హక్కు రాసిన క్షణం నుంచే ఉంటుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. జాగ్రత్త పడాల్సింది ఒప్పందం దగ్గర. హక్కులు ఇవ్వడం సంతకంతో కాగితం మీదే చెల్లుతుంది. గడువు రాయకపోతే 5 ఏళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ 1957 చట్టం 19వ సెక్షన్ చెబుతుంది. "సర్వహక్కులూ శాశ్వతంగా" అని రాసి ఉంటే అక్కడే ఆగి, ఆడియో, సినిమా, అనువాద హక్కులు విడివిడిగా రాయమని అడగండి. కలం పేరు వాడుకున్నా, ఒప్పందంలో అసలు పేరు ఉండాలి. బ్యాంకు ఖాతాకూ పాన్‌కూ అదే పేరు.

సొంతంగా అచ్చు వేయించుకుంటే లెక్క ఇది. డెమ్మీ సైజులో, అంటే మామూలు నవల సైజులో, పేజీకి సుమారు 200 పదాలు పడతాయి. 36 వేల పదాలకు 180 పేజీలు, ముందు పేజీలు 12 కలిపి 192. ఫారానికి (ఒక్కసారిగా అచ్చయ్యే పెద్ద కాగితానికి) 16 పేజీల చొప్పున సరిగ్గా 12 ఫారాలు. లోపలికి 70 జీఎస్ఎం (కాగితం బరువు కొలత) మ్యాప్‌లితో కాగితం, అట్టకు 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు. డీటీపీ వాళ్లు, అంటే కంప్యూటర్లో పేజీలు కట్టేవాళ్లు, చాలామంది ఇంకా పాతరకం అను ఫాంట్లే వాడతారు. ఫోనులో టైపు చేసిన మీ యూనికోడ్ ఫైలును వాటిలోకి మార్చేటప్పుడు ఒత్తులూ, పొల్లు ఉన్న ఇంగ్లీషు మాటలూ చెదిరిపోతాయి. ఆ తర్వాతి ప్రూఫు మీరే, కాగితం మీద, పైకి చదువుతూ చూడాలి. ఐఎస్‌బీఎన్‌ను (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్యను) రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, దానికి ఎవరికీ డబ్బు కట్టొద్దు. మొదటిసారి 200 కాపీలు చాలు. ఎక్కువ వేస్తే అవి మంచం కిందకు చేరతాయి.

[తెర మీద: ఫోను వెలుగు. ఒక మెసేజి వచ్చిన చప్పుడు.]

మొదటి ఏడాది డబ్బు తక్కువే వస్తుంది, దాన్ని నమ్ముకుని పెన్షన్ లెక్కలు మార్చకండి. మొదట చేతికందేది ఉత్తరాలు. మూడో అధ్యాయం పెట్టాక కువైట్‌లో ఉన్న పీలేరు అమ్మాయి "గుండీ కుట్టిచ్చిందా లేదా, చెప్పండమ్మా" అని అడగొచ్చు. ఆ సంతోషం కోసం రాత్రి పదకొండింటికి లైటు వేసుకున్నా తప్పులేదు. జవాబివ్వండి, కానీ కథ మాత్రం ముందే చెప్పేయకండి. పదిమంది ఒకేచోట తికమకపడ్డామంటే ఆ అధ్యాయం సరిచేయండి. ఒక్కరే ముగింపు మార్చమంటే మార్చకండి. వసంత పెన్షన్ విషయం చివరి అధ్యాయాల్లో తేలుతుందని మీకు తెలుసు, వాళ్లకు ఇంకా తెలియదు.