ఇంటి స్విమ్మింగ్ పూల్ నీళ్లు శుభ్రంగా ఉంచడానికి ఏ సిస్టమ్? ముందు బోరు నీళ్లు చూపించండి

[క్లోజప్: తెల్లగా పెచ్చు కట్టిన సెల్ ప్లేట్లు]

ఇది సుద్దముక్క కాదండీ, మా పూల్‌కి పెట్టించిన సాల్ట్ క్లోరినేటర్ సెల్. గీజర్ కాయిల్‌కి పట్టే సున్నమే దీనికీ పట్టింది, అదీ మూడు నెలలకే. అమ్మినాయన "ఉప్పేసి మర్చిపోండి సార్" అన్నాడే గానీ మా ఫామ్‌హౌస్ బోరు నీళ్లు ఎలాంటివో అడగలేదు, నేనూ చెప్పలేదు లెండి.

సాల్ట్ పూల్ అంటే క్లోరిన్ ఉండదని చాలామంది అనుకుంటారు. ఉంటుంది. లీటరుకి 3, 4 గ్రాముల ఉప్పు కలిపితే, కరెంటుతో ఆ ఉప్పులోంచే సెల్ క్లోరిన్ తయారుచేస్తుంది. కళ్లు మండవు, డబ్బాలు మోసే పని లేదు, నిజంగానే హాయి. కాకపోతే పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె, ఊరికే పెరుగుతుంటుంది, దాంతో నీళ్లలోని కాల్షియం వచ్చి ప్లేట్లకి అంటుకుంటుంది, అప్పుడు నీళ్లు కలిపిన యాసిడ్‌తో కడుక్కోవాలి. 40,000 లీటర్ల పూల్‌కి దాదాపు మూడు బస్తాల ఉప్పు పడుతుంది కదా, ఫిల్టర్ కడిగినప్పుడు బయటికొచ్చే ఆ ఉప్పునీళ్లు (బ్యాక్‌వాష్) మా వాచ్‌మన్ మామిడి మొక్కలకి పెట్టేశాడు. ఆకుల అంచులన్నీ మాడిపోయాయి!

క్రిముల్ని చంపే యూవీ కాంతి, ఓజోన్ వాయువు సిస్టమ్‌లు మంచివే, కానీ వాటితోనే సరిపోదు, యూవీ గొట్టం దాటాక నీళ్లకి కాపలా ఎవరూ ఉండరు, కాస్తయినా క్లోరిన్ ఉండాల్సిందే.

ఇక టీసీసీఏ బిళ్లలు, అంటే నీళ్లలో మెల్లగా కరిగే క్లోరిన్ బిళ్లలు. వాడటం తేలికే, అయితే వాటితోపాటు సయన్యూరిక్ యాసిడ్ కూడా పోగవుతుంది. 30 నుంచి 50 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) వరకు అది క్లోరిన్‌ని ఎండ నుంచి కాపాడుతుంది, మరీ పెరిగితే క్లోరిన్ ఉన్నా నాచు పడుతుంది, అప్పుడు సగం నీళ్లు పారబోయడమే దారి. ఈ బిళ్లల్ని బ్లీచింగ్ పౌడర్‌తో ఒకే బకెట్లో మాత్రం కలపకండి, పేలిపోతుంది.

[టెస్ట్ కిట్: రెండు చిన్న గొట్టాలు, పసుపు, ఎరుపు]

ఇప్పుడు నేను శాండ్ ఫిల్టర్, లిక్విడ్ క్లోరిన్‌తో నెట్టుకొస్తున్నాను. పొద్దుగూకాక పోస్తాం, పగలు పోస్తే ఎండే తినేస్తుంది. పసుపు గొట్టంలో క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం, ఎరుపులో పీహెచ్ 7.2 నుంచి 7.6, ఈ రెండూ చూడటం మా వాచ్‌మన్‌కి ఒక్క పూటలో వచ్చేసింది.

మీరు డీలర్‌కి ఫోన్ చేసేముందు సీసాడు బోరు నీళ్లు ల్యాబ్‌లో ఇవ్వండి. కాల్షియం హార్డ్‌నెస్ (నీళ్లలోని సున్నం లెక్క) 400 పీపీఎం దాటిందంటే, సాల్ట్ సెల్ ధరతోపాటు దాన్ని ఎవరు కడుగుతారో కూడా అడగండి.