చేతిపనుల అమ్మకం: క్యాన్సర్ రోగికి చేరేది ఎంత?

అందరికీ నమస్కారం.

క్యాన్సర్ రోగుల సాయానికి చేతిపనుల అమ్మకం పెడదామనుకోగానే "ఏం చేద్దాం?" అన్న ప్రశ్న వస్తుంది. డబ్బు ఎవరికి, ఏ ఖర్చుకు అన్నది అంతకంటే ముందే తేలాలి. మందుల బిల్లు అందరికీ కనిపిస్తుంది. రేడియేషన్‌కు వారాల తరబడి తిరగాల్సి వస్తే ప్రయాణం, బస, తోడుగా వచ్చినవారు పోగొట్టుకునే సంపాదన ఎవరి లెక్కలోకీ రావు. ఒక్క రోగి కోసమైతే వీలున్నచోట నేరుగా ఆసుపత్రికే కట్టండి. సంస్థ కోసమైతే పేరు వాడుకోవడానికి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. రోగి ఫొటో, జబ్బు వివరాలు వాళ్లు ఒప్పుకుంటేనే బల్ల మీద పెట్టాలి.

ఇక ధర. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఒక జిప్పు సంచికి గుడ్డ, జిప్పు, దారం కలిపి 60, కవరుకు 10, స్టాలు అద్దెలో దాని వాటా 15 అనుకుందాం. అసలు ఖర్చు 85 రూపాయలు. మంచి పనికి కదా అని 100కి ఇచ్చేస్తే రోగికి మిగిలేది 15. ధర 170 పెడితే సగం మిగులుతుంది, అదీ అన్నీ అమ్ముడైతేనే. పది కుట్టి ఎనిమిదే అమ్మితే చేతికొచ్చేది 1360, ఖర్చు 850, మిగులు 510. మిగిలిపోయిన ఆ రెండింటినీ చివరి గంటలో 120 చొప్పున ఇచ్చేస్తే మిగులు 750 అవుతుంది. వాటి ఖర్చు ఎప్పుడో అయిపోయింది కాబట్టి దాచుకుని లాభం లేదు. అయితే పొద్దున్నే తగ్గించకండి. కొనేవాళ్లు ఆ ధరకే అలవాటు పడతారు.

ఎలాస్టిక్ పూసల గాజులు త్వరగా తయారవుతాయి, అంతే త్వరగా తెగి తిరిగొస్తాయి. పూసలు గుచ్చకముందే తాడును నాలుగైదుసార్లు గట్టిగా లాగాలి, లేకపోతే వేసుకున్నాక వదులవుతుంది. పూస రంధ్రం అంచు పదునుగా ఉంటే తాడును కోసేస్తుంది. పూసను వేలికొసతో తడిమి చూసి, గరుకుగా తగిలితే పక్కన పెట్టండి. తాడు నున్నగా ఉంటుంది కాబట్టి మామూలు ముడి జారిపోతుంది. కొసను ఒకసారి అదనంగా తిప్పి ముడి బిగించి, నగల పనికి వాడే మెత్తటి జిగురు ఒక చుక్క వేసి, రాత్రంతా ఆరనివ్వాలి. సూపర్ గ్లూ వద్దు, తాడు గట్టిపడి ముడి దగ్గరే విరుగుతుంది.

రోగులకే ఇచ్చే టోపీల సంగతి వేరు. కీమో సమయంలో తల చర్మం సున్నితమవుతుంది కనుక గుచ్చుకునే ఉన్ని కాకుండా మెత్తటి నూలు దారం వాడాలి, లోపల కుట్టు గట్టు తగలకూడదు. వాసనలకు వికారం వస్తుంది కాబట్టి సువాసన లేని సబ్బుతో ఉతికి, కవర్లో పెట్టి ఇవ్వాలి. అదే కారణంగా సెంటు కొవ్వొత్తులు అమ్మకానికి సరే, రోగికి కానుకగా మాత్రం వద్దు.

బోర్డు మీద "మొత్తం డబ్బు రోగులకే" అని రాస్తే ఖర్చులు మీ జేబులోంచే పెట్టుకోవాలి. అలా కుదరకపోతే "ఖర్చులు పోను మిగిలినదంతా" అని రాయండి. చిల్లర కోసం తెచ్చుకున్న డబ్బును ముందే రాసిపెట్టుకోండి, సాయంత్రం అది తీసేశాకే లెక్క. ఎప్పుడూ ఇద్దరు కలిసి లెక్కపెట్టి, ఇద్దరూ సంతకం చేయాలి. జమ చేసిన రసీదును అమ్మినవాళ్లకే కాదు, అడిగిన కొనుగోలుదారుకీ చూపించండి.